కొలువులో ఆగిన రైలు

మా పట్టాభిరామ్‌లో గోడ గడియారం లేని ఇల్లు ఉండొచ్చుగాని, రైలు చప్పుడు వినపడని ఇల్లు లేదు. చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్సులో లోకల్ బండి ఎక్కితే పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు, ఆవడి దాటాక హిందూ కాలేజీ స్టేషను వస్తుంది. దాని తరువాతిది మా ఊరే. ఇంకా ముందుకు పోతే తిరునిన్రవూరు, తిరువళ్ళూరు, అరక్కోణం. దక్షిణ భారతదేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలుబండి 1856 జూలై 1న రాయపురంలో బయలుదేరి వాలాజా రోడ్డు చేరింది ఈ దారినే.

అంత చరిత్ర ఉన్న పట్టాల పక్కన కాపురం ఉంటూ నేను చెప్పబోయేది మాత్రం అరచేతిలో పట్టే ఒక బొమ్మ రైలింజను సంగతి. ఇరవై ఏళ్ళు అటక మీద పడి ఉన్న దాన్ని మళ్ళీ నడిపించాలని పోయిన దసరాకు ఇద్దరు ముసలివాళ్ళం కూర్చున్నాం. ఒకరికి పని తెలుసు, చెప్పడానికి మాట లేదు. ఇంకొకరికి మాటకు కొదవ లేదు, పనే తెలియదు. ఆ మాటకారిని నేనే.

మూర్ మార్కెట్ సరుకు

మాది తిరుత్తణి దగ్గర పల్లె. అన్న, నేను పుట్టినప్పుడు అది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినప్పుడు మా వైపు ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. ఇల్లు అంగుళం కదల్లేదు, రాష్ట్రమే మారింది. అప్పటినుంచి మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

అన్నకు రైల్వేలో ట్రైన్ లైటింగ్ ఫిట్టరు ఉద్యోగం వచ్చింది. పాతకాలం రైలుపెట్టెల కింద ఇరుసుకు బెల్టు తగిలించిన డైనమో ఒకటి ఉండేది. బండి నడుస్తున్నప్పుడు అది 24 వోల్టుల బ్యాటరీలను నింపేది. బండి ఆగితే ఆ బ్యాటరీలే పెట్టెలో దీపాలనూ ఫ్యాన్లనూ నడిపేవి. ఆ డైనమోల్లో అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చడం, కమ్యుటేటరు తుడవడం అన్నకు రోజూ ఉండే పని. నేనేమో బళ్ళో లెక్కల మాస్టరుని. సుద్దముక్క పట్టిన చేతికి స్క్రూడ్రైవరు ఎట్లా పట్టాలో తెలియదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

1978లో ఒక జీతం రోజు అన్న మూర్ మార్కెట్‌కు పోయాడు. ఈనాటి పిల్లలకు ఆ పేరు లోకల్ రైళ్ళ స్టేషనుగానే తెలుసు. 1900లో తెరిచిన ఆ ఎర్రటి భవనంలో దొరకని వస్తువు ఉండేది కాదు. పాత పుస్తకాలు, గ్రామఫోను పళ్ళేలు, గడియారాలు, దొరలు వదిలిపోయిన సామాను, అన్నీ అక్కడే. 1985 మే 30న అది కాలిపోయింది. ఆ స్థలంలోనే తరువాత రైల్వే వాళ్ళ కట్టడం లేచింది. అన్న ఆ రోజు వదినకు చీర కొనాలని పోయి, ఒక అట్టపెట్టెతో ఇల్లు చేరాడు. పెట్టెలో ఇంగ్లండులో తయారైన నల్లటి ఆవిరి ఇంజను, రెండు పెట్టెలు, గుండ్రంగా పరిచే పట్టాలు, ఒక కంట్రోలరు ఉన్నాయి. వెల 60 రూపాయలు. వదిన వారం రోజులు మాట్లాడలేదు. ఆ తయారీదారు పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే ఈ కథలో ఆ కంపెనీ తప్పు ఆవగింజంత కూడా లేదు.

నేను లెక్కల మనిషిని కదా, మొదట స్కేలు పెట్టి కొలిచాను. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. విదేశాల్లో వాడే ప్రామాణిక గేజి 1,435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే సరిగ్గా ఈ పదహారున్నర వస్తుంది. అయితే బ్రిటిషు రైలింజన్లు సన్నటివి. 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి బొమ్మ మోటార్లు వాటి కడుపులో పట్టలేదు. అందుకని ఇంజనును మాత్రం 76వ వంతుకు పెంచి, పట్టాలను ఉన్నట్టే ఉంచేశారు. అంటే కాస్త లావైన మనిషి తమ్ముడి చెప్పులు వేసుకున్నట్టు. మన దేశపు బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. అదే లెక్కన మన బండికి 22 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. ఈ లెక్క చెబితే అన్న నవ్వి, "కొలిచింది చాల్లేరా, నడిపి చూడు" అన్నాడు.

కొలువు చుట్టూ రైలు

మా వైపు దసరాకు బొమ్మల కొలువు పెట్టని తెలుగిల్లు తక్కువ. మెట్ల మీద దేవుళ్ళు, చెట్టియారు బొమ్మలు, కింద నేల మీద పిల్లల పార్కు. రాగులు మొలకెత్తించి పచ్చిక, అద్దం ముక్క పెట్టి చెరువు, మట్టితో తిరుత్తణి కొండ. 1978 దసరా నుంచి ఆ కొండ చుట్టూ రైలు తిరిగింది. పేరంటానికి వచ్చినవాళ్ళు శనగల సుండల్ చేతిలో పట్టుకుని అమ్మవారిని చూడకుండా రైలును చూస్తున్నారని వదిన విసుక్కునేది. మూడో ఏడు వచ్చేసరికి "రైలు బయటికి తీయలేదా ఇంకా?" అని అడిగింది ఆమే.

26 దసరాలు నడిచిన ఆ రైలు 2004లో ఆగిపోయింది. ఆ ఏడు కొలువుకు ముందు అన్నకు వరసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి. ఇంజను ఈడ్చుకుంటూ నడుస్తోందని, నేనే విప్పి శుభ్రం చేశాను. బిగించి పట్టాల మీద పెట్టి, కంట్రోలరు తిప్పగానే లోపల టక్కుమని శబ్దం వచ్చి కరెంటు ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్కు. "మోటారు కాలిపోయింది" అని తేల్చేశాను.

అన్న పొద్దున వచ్చి, ఇంజనును ముక్కు దగ్గర పెట్టుకుని, "కాలిన వాసన లేదేరా" అన్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పే అలవాటు లేని నేను ఆ రోజు చెప్పాను. "నాకూ కొంచెం తెలుసులే అన్నా" అన్నాను. అతను ఇంకేమీ అనలేదు. తరువాత కూతురి పెళ్ళి, ఇల్లు కట్టడం, రిటైరుమెంటు. పెట్టె అటకెక్కింది. మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. కాని ప్రతి దసరాకు మట్టి కొండ చుట్టూ ఖాళీగా ఉన్న జాగా చూసినప్పుడల్లా నాకు నోట్లో చేదుగా ఉండేది.

మిగిలిన ఒక్క మాట

రెండేళ్ళ కింద అన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పట్టు తప్పాయి. దాంతోబాటు మాట కూడా పోయింది. చాలామందికి మాటను నడిపే భాగం మెదడులో ఎడమవైపు ఉంటుంది. కుడి చేతిని, కుడి కాలిని నడిపేదీ ఆ ఎడమవైపే. అందుకే రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. డాక్టర్లు దీన్ని అఫేసియా అంటారు. మనిషికి మతి పోయిందని చుట్టాలు అనుకుంటారు, అది తప్పు. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు తెలుస్తూనే ఉంటుంది, తాను చెప్పాలనుకున్న మాటే నోటికి అందదు.

కొందరికి ఒకే ఒక్క మాట మిగులుతుందట. 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు చూసిన ఒక రోగి ఏది అడిగినా "టాన్" అని మాత్రమే అనేవాడు. చివరికి ఆసుపత్రిలో అతని పేరే టాన్ అయింది. మెదడులో మాట ఎక్కడుంటుందో వైద్యులకు మొదట చూపించింది ఆ రోగే. మా అన్నకు మిగిలిన మాట "కాదు". కాఫీ కావాలా అంటే కాదు. బాగున్నావా అంటే కాదు. కూతురు వచ్చి కాళ్ళకు దండం పెడితే తల మీద చేయి వేసి "కాదు, కాదు" అని దీవించాడు.

ఇంకో వింత ఉంది. ఇటువంటి వాళ్ళకు చిన్నప్పటి నుంచి వరసగా నోటికి వచ్చినవి కొన్నిసార్లు చెక్కుచెదరకుండా వస్తాయి. ఒకటీ రెండూ మూడూ అని మనం మొదలుపెడితే అన్న అందుకుని ఇరవై దాకా పోగలడు. గోవింద నామాలు వస్తాయి. "మంచినీళ్ళు" మాత్రం రాదు. వ్యాయామం చేయించే అమ్మాయి, "చేతికి, మనసుకు ఆయనకు తెలిసిన పని ఏదైనా కల్పించండి" అని చెప్పింది. ఫిట్టరుకు తెలిసిన పని ఏముంటుంది? వదినే అటక వైపు చూసింది. "ఈ దసరాకు అది తిరిగితే బాగుండు, మరిదీ" అంది.

అటక దిగిన పెట్టె

మహాలయ అమావాస్యకు పది రోజులుండగా పెట్టె కిందికి దించాం. అన్నను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ముందు బల్ల మీద తెల్ల పంచె పరిచాను. కిందపడిన స్క్రూ కనపడాలంటే తెల్లగుడ్డ ఉండాలని అన్నే ఒకప్పుడు చెప్పాడు. మనవరాలు, తొమ్మిదేళ్ళ పిల్ల, మాకు సహాయకురాలు. దాని కళ్ళు మా ఇద్దరి కళ్ళజోళ్ళ కంటే నయం.

ఈ జాతి ఇంజను పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. కంట్రోలరు ఇంటి కరెంటును 12 వోల్టుల డి.సి.గా మార్చి రెండు పట్టాలకూ పంపుతుంది. ఒక పట్టా నుంచి కరెంటు ఆ పక్క చక్రాల గుండా ఎక్కి, మోటారులో తిరిగి, రెండో పక్క చక్రాల గుండా రెండో పట్టాలోకి దిగిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. కాబట్టి ఇంజను కదలలేదంటే వెతకవలసిన చోట్లు కొన్నే. పట్టాలు, చక్రాలు, చక్రాల నుంచి మోటారుకు కరెంటు అందించే రేకులు, బ్రష్షులు, కమ్యుటేటరు, మోటారు చుట్టలు, చివరికి పళ్ళచక్రాలు.

ముందు పట్టాలు తుడిచాం. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో పిల్ల రుద్దితే నల్లటి మట్టి ఊడివచ్చింది. గుడ్డను స్పిరిట్‌లో ముంచి చక్రాలు తుడిచాం. పిల్ల ఇంజనును నేల మీద పెట్టి తోస్తే చక్రాలు తిరగలేదు. "బిగుసుకుపోయింది చిన్నతాతా" అంది. నేనూ అదే అనుకుని నూనె సీసా అందుకున్నాను.

"కాదు" అన్నాడు అన్న.

అలవాటు చొప్పున పట్టించుకోలేదు. పైకప్పు విప్పి చూశాక తెలిసింది. మోటారు ఇరుసు మీద మరమేకులాంటి పళ్ళు, దానికింద చక్రాల ఇరుసు మీద మామూలు పళ్ళచక్రం. ఈ రకం జతలో మోటారు చక్రాన్ని తిప్పగలదు గాని చక్రం మోటారును తిప్పలేదు. బావి గిలక రెండు వైపులా తిరుగుతుంది, ఇది తిరగదు. అంటే చేత్తో తోస్తే కదలకపోవడం జబ్బు కాదు, దాని స్వభావమే. బిగుసుకోలేదు.

అయితే పళ్ళచక్రం మీద పాకంలాంటి పసుపు జిగురు కనిపించింది. వాసన చూస్తే పాత కొబ్బరినూనె. అది నా నిర్వాకమే. 2004లో ఇంట్లో కుట్టుమిషను నూనె అయిపోతే, నూనె నూనే కదా అని కొబ్బరినూనె పోశాను. చలికి గడ్డకట్టే నూనె, ఏళ్ళు గడిస్తే జిగురయ్యే నూనె యంత్రానికి పనికిరాదు. అన్న నా వైపు చూశాడు. నేను స్పిరిట్ సీసా వైపు చూశాను.

చేయి పట్టుకున్నాడు

జిగురు అంతా కడిగి, ఇంజనును పట్టాల మీద పెట్టి, కంట్రోలరు తిప్పాను. టక్కు. ఇరవై ఏళ్ళ నాటి అదే శబ్దం. "నేను అప్పుడే చెప్పాను గదా, మోటారు కాలిపోయింది" అన్నాను.

"కాదు."

"సరేలే అన్నా."

"కాదు! కాదు!" కుర్చీ చేతిని ఎడమ అరచేత్తో కొట్టాడు. అయినా నాకు అర్థం కాలేదు. రోజుకు వందసార్లు వినే మాటకు ఆ రోజు ప్రత్యేకంగా అర్థం ఉందని ఎవరికి తడుతుంది?

మోటారును పూర్తిగా విప్పి లోపల చూద్దామని, దాని వెనక అయస్కాంతాన్ని పట్టి ఉన్న పెద్ద స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టాను. అంతే, అన్న ఎడమచేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు జబ్బు మనిషి పట్టు కాదు. కళ్ళలోకి చూసి చాలా నెమ్మదిగా, "కాదు" అన్నాడు. అప్పుడు వినిపించింది నాకు. ఆ మాట ఎప్పటిలాంటిది కాదు, వద్దురా అని చెప్పేది.

అతను ఎందుకు ఆపాడో తరువాత ఒక పాత పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆనాటి మోటార్లలో వాడిన మిశ్రలోహపు అయస్కాంతాలను ఇనుప చట్రం నుంచి ఊడదీస్తే వాటి శక్తి చాలావరకు తగ్గిపోతుంది. తీయక తప్పకపోతే రెండు కొసలనూ కలుపుతూ ఇనుపముక్క ఆనించి ఉంచాలి. ఆ స్క్రూ తిప్పి ఉంటే నిజంగానే మోటారును చంపి ఉండేవాణ్ణి.

స్క్రూడ్రైవరు కింద పెట్టి, "మరి ఏం చెయ్యమంటావు?" అని అడిగాను. అడగడం అదే మొదటిసారి. ఆ రోజు దాకా నేను చెబుతూ వచ్చాను, అతను కాదంటూ వచ్చాడు.

అతను వేలితో మల్టీమీటరు చూపించాడు. అన్న డ్యూటీలో వాడినదే, ముల్లు ఆడే పాత రకం. తరువాత బ్రష్షులు చూపించాడు. వాటిని తీశాను. రాగి కమ్యుటేటరు మూడు ముక్కలుగా కనిపించింది. ఒక్కో ముక్కకు ఒక్కో చుట్ట కలిసి ఉంటుంది. మీటరు మొనలు ఒకటి, రెండు మీద పెట్టి ముల్లు చూశాం. రెండు, మూడు మీద పెట్టాం. మూడు, ఒకటి మీద పెట్టాం. మూడుసార్లూ ముల్లు ఒకే చోట నిలిచింది. ఒక చుట్ట కాలిపోయినా, తెగినా ఆ మూడూ సమానంగా రావు. అంటే మోటారు నిక్షేపంలా ఉంది. లెక్కల మాస్టరుని కదా, మూడు సమానమైన అంకెలకు ఎదురు చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా నేను చెప్పింది తప్పు.

గొట్టం ముక్క

మోటారు బాగుంది, అయినా కంట్రోలరు కొట్టేస్తోంది. అంటే కరెంటు మోటారులోకి పోకుండా మధ్యలో ఎక్కడో అడ్డదారి పడుతోంది. షార్టు. ఎక్కడ?

చక్రాల మధ్య వెతికాం. రేకులు వంగి చట్రానికి తగిలాయేమోనని చూశాం. ఏమీ కనపడలేదు. కమ్యుటేటరు ముక్కల సందుల్లో కార్బన్ పొడి ఇరుక్కున్నా షార్టు అవుతుంది. అక్కడ ఇనుము తగలకూడదని, చీపురుపుల్ల చెక్కి పిల్లే ఓపిగ్గా తీసింది. మళ్ళీ బిగించి చూస్తే మళ్ళీ టక్కు. అన్నకు అలసట వచ్చి ఆ పూటకు ఆపాం.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి అన్న అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మోటారు వెనకవైపు తన వైపుకు తిప్పుకుని చూస్తున్నాడు. అక్కడ రెండు బ్రష్షులనూ కమ్యుటేటరుకు అదిమిపట్టే స్ప్రింగు ఒకటి ఉంటుంది. ఆడవాళ్ళు పెట్టుకునే హెయిర్‌పిన్ను ఆకారం. దాని ఒక కాలు ఈ బ్రష్షు చేతి మీద, ఇంకో కాలు ఆ బ్రష్షు చేతి మీద ఆనుతుంది. అతను దాన్ని వేలితో తాకి నా వైపు చూశాడు. నాకు తెలియలేదు. మళ్ళీ తాకాడు.

తరువాత బల్ల మీద పడి ఉన్న సన్నటి కరెంటు తీగ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "అయ్యో, ఏందది నోట్లో!" అంటూ వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అతను తీగ కొసను పళ్ళతో పట్టి చేత్తో లాగాడు. నలభై ఏళ్ళు అట్లాగే తీగలు ఒలిచిన మనిషి. ఊడి వచ్చిన ప్లాస్టిక్ గొట్టం ముక్కను, బియ్యపుగింజంత ఉంటుంది, నాలుక మీంచి వేలితో తీసి నా ముందు పెట్టాడు.

అప్పుడు తట్టింది నాకు. స్ప్రింగు ఇనుముది. దాని రెండు కాళ్ళూ రెండు బ్రష్షులకూ తగిలితే కరెంటు ఒక బ్రష్షు నుంచి స్ప్రింగు గుండా నేరుగా రెండో బ్రష్షుకు పోతుంది. మోటారు తిరగవలసిన అవసరమేముంది? అట్లా జరగకుండా ఒక కాలికి గొట్టం తొడిగి ఉంచుతారు. ఈ స్ప్రింగుకు అది లేదు. ఎందుకు లేదు?

నాకు గుర్తుకొచ్చింది. 2004లో ఆ మోటారు విప్పినప్పుడు స్ప్రింగు కాలి నుంచి నల్లగా, పెళుసుగా ఏదో రాలింది. మట్టి అనుకుని ఊది పారేశాను. ఇంత పెద్ద యంత్రం ఆగడానికి అంత చిన్న ముక్క కారణమని ఎట్లా తెలుస్తుంది? తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండానే తీర్పు చెప్పాను చూడండి, అది తప్పు. వాసన లేదని చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పాను.

"అన్నా, పాడుచేసింది నేనే. ఈ ముక్క నేనే పారేశాను. మోటారు కాలిపోయిందని అబద్ధం చెప్పినట్టయింది" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపి "కాదు, కాదు" అన్నాడు. ఆ కాదుకు అర్థం ఏమిటో నేను అడగలేదు. ఎడమచేత్తో నా భుజం తట్టి స్ప్రింగు వైపు చూపించాడు. పని కానీ అన్నట్టు.

గొట్టం ముక్కను స్ప్రింగు కాలికి తొడగడానికి పిల్ల వేళ్ళే కావలసివచ్చాయి. రెండుసార్లు ఎగిరిపడింది, తెల్ల పంచె మీద దొరికింది. బిగించాక కుట్టుమిషను నూనెను సూది కొసతో ఒక్కో చోట ఒక్కో చుక్క వేశాం. ఎక్కువైతే కమ్యుటేటరు మీదికి పాకి మళ్ళీ మట్టి పట్టిస్తుంది. కంట్రోలరు జోలికి పోకుండా ముందు 9 వోల్టుల బ్యాటరీ చాలు అని అన్న వేలితో చూపించాడు. రెండు తీగలు రెండు పక్కల చక్రాలకు తాకించాను. చిన్న రవ్వ, గర్రుమని శబ్దం. చక్రాలు తిరిగాయి. పిల్ల కేక పెట్టింది. వదిన చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది.

పెద్ద ఇంజన్లకూ ఇదే కథ

ఇట్లాంటి పట్టుదల మాకొక్కరికే అనుకోకండి. మా లోకల్ దారిలోనే పెరంబూరు లోకో వర్క్స్ ఉంది. 1855లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో కిట్సన్ కంపెనీ వాళ్ళు చేసిన ఇ.ఐ.ఆర్. 21 అనే ఆవిరి ఇంజను 1909లో పని మానేసింది. నూరేళ్ళు దాటాక, 2010లో పెరంబూరు పనివాళ్ళు దాన్ని మళ్ళీ నడిపించారు. నూరేళ్ళు ఆగిన ఇనుమే కదిలినప్పుడు, ఇరవై ఏళ్ళు ఆగిన బొమ్మ కదలడంలో వింతేముంది?

బొమ్మ రైళ్ళ మీద మోజున్న పిల్లలకు చూపించాలంటే పెరంబూరు ఐ.సి.ఎఫ్. దగ్గర 2002లో తెరిచిన రైలు మ్యూజియం ఉంది. పూనా వైపు పోయేవాళ్ళు కొత్రూడ్‌లో జోషీ గారి చిన్నరైళ్ళ మ్యూజియం చూడొచ్చు. 1998 ఏప్రిల్ 1న తెరిచారు. ఒక్క మనిషి సరదా ఎంత పెద్ద ఊరు కట్టగలదో అక్కడ కనిపిస్తుంది.

మీ అటక మీద కూడా ఇటువంటి పెట్టె ఉంటే తొందరపడి విప్పకండి. ముందు పట్టాలు, చక్రాలు తుడవండి. తరువాత చిన్న బ్యాటరీతో చూడండి. కదలక ఊరుకుంటే కరెంటు అందడం లేదు. కంట్రోలరు టక్కుమని ఆగితే ఎక్కడో షార్టు ఉంది. ఈ రెండు జబ్బులూ వేరు, మందులూ వేరు. విప్పేటప్పుడు ఒక్కో ముక్కనూ వరసగా తెల్లగుడ్డ మీద పేర్చుకోండి. ఏ ముక్కనూ చెత్త అని పారేయకండి. అయస్కాంతం జోలికి పోకండి. కొబ్బరినూనె తలకు రాసుకోండి.

మట్టి కొండ చుట్టూ

నవరాత్రి మొదటి రోజు సాయంత్రం కొలువు దీపాలు వెలిగించాక, మట్టితో చేసిన తిరుత్తణి కొండ చుట్టూ పట్టాలు పరిచాం. రాగుల పచ్చిక ఇంకా మొలకెత్తుతోంది. అన్నను కుర్చీతో సహా పార్కు దగ్గరకు జరిపి, కంట్రోలరు అతని ఎడమచేతి కింద పెట్టాను. నేను తిప్పుతానని అడగలేదు.

ఇంజను ఒకసారి జంకి, రెండు పెట్టెలనూ లాక్కుని బయలుదేరింది. అద్దపు చెరువు పక్కన, చెట్టియారు బొమ్మ ముందు, కొండ వెనకగా తిరిగి వచ్చింది. "ఒకటి" అంది మనవరాలు.

రెండో చుట్టు రాగానే "రెండు" అన్న మాట వినిపించింది. పిల్ల గొంతు కాదు. అందరం వెనక్కి తిరిగాం. అన్న రైలు మీదనుంచి చూపు తిప్పకుండా లెక్కపెడుతున్నాడు. మూడు, నాలుగు, అయిదు. వరసగా వచ్చే మాటలు ఇట్లాంటి వాళ్ళకు వస్తాయని డాక్టర్లు చెప్పారని నాకు తెలుసు. అందులో అద్భుతమేమీ లేదనీ తెలుసు. అయినా వదిన కొంగు కళ్ళకు పోయింది.

పదకొండో చుట్టు అయ్యేసరికి పేరంటాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. వదిన వాళ్ళకు చాప వేస్తూ, "అలసిపోయి ఉంటారు, ఇక ఆపుదామా?" అని అన్నను అడిగింది.

"కాదు" అన్నాడు అన్న.

ఈసారి ఆ మాటకు అర్థం మా అందరికీ తెలిసింది. రైలు పన్నెండో చుట్టుకు బయలుదేరింది.